చివరి లేన్ చూశాకే ఫీజు కట్టండి

తెల్లవారుజామున ఐదింటికి బెంగళూరు అవుటర్ రింగ్ రోడ్డు ఎప్పుడైనా చూశారా? ఆరేళ్లుగా ఇక్కడే ఉద్యోగం చేస్తున్నా, మొన్న జూన్ దాకా నేనూ చూడలేదు. మారతహళ్లి బ్రిడ్జి మీద నా బైకు ఒక్కటే. సిల్క్ బోర్డ్ జంక్షన్ అయితే కాలు కింద పెట్టకుండా దాటేశా. ఈ మాట మా టీమ్‌లో చెబితే ఒక్కడూ నమ్మలేదు.

అంత పొద్దున్నే బయల్దేరింది మా అక్క కూతురి కోసం. చిన్ని అని పిలుస్తాం. పదేళ్లు. బావకి బ్యాంకులో ట్రాన్స్‌ఫరై ఏప్రిల్‌లో విజయవాడ నుంచి ఇక్కడికొచ్చారు. జేపీ నగర్‌లో ఇల్లు. సామాన్లు సర్దుకోవడం అవగానే అక్క నాకో పని అప్పగించింది.

"దీనికి మంచి స్విమ్మింగ్ క్లబ్ చూడరా. పోటీలకి తయారు చేసేది. ఊరు నీకు తెలుసు కదా!"

ఊరు తెలుసు. ఈతే తెలీదు. కృష్ణ ఒడ్డున పుట్టి, బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ చూస్తూ పెరిగి కూడా ఈత రాని వాళ్లం మేమిద్దరం. కాలువ గట్టెక్కితే కాళ్లు విరగ్గొడతానని నాన్న ఆర్డర్. మాకు రానిది దీనికైనా రావాలని అక్క పట్టుబట్టి చిన్నికి ఆరో ఏటే నేర్పించింది. పిల్ల చేపలా అల్లుకుపోయింది. ఎనిమిదేళ్లకి అక్కడే ఒక ప్రైవేటు క్లబ్‌లో రేసింగ్ బ్యాచ్‌లో చేర్చారు.

ఆర్నెల్లు తిరక్కుండానే రోజూ పొద్దున్న కడుపునొప్పి మొదలైంది. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే ఏమీ లేదన్నాడు. చాలా రోజులకి అసలు సంగతి బయటపడింది. అక్కడ కోచ్ ప్రతి శనివారం టైమింగ్ తీసి, చివరి ముగ్గురి పేర్లూ బోర్డు మీద రాసి, పైన 'తాబేళ్లు' అని హెడ్డింగ్ పెట్టేవాడట. చిన్ని పేరు వరసగా నాలుగు వారాలు ఉంది. ఐదో వారం నుంచి కడుపునొప్పి. ఆ క్లబ్ పేరు ఇప్పుడెందుకులెండి. చిన్ని మాత్రం ఎనిమిది నెలలు నీళ్లలో దిగలేదు.

ఇక్కడికొచ్చాక నేను అడిగితే ఒక్కటే అంది. "చూడ్డానికి వస్తా మావయ్యా. దిగమని మాత్రం అడక్కు."

ఎక్సెల్ షీట్‌తో మొదలు

సాఫ్ట్‌వేర్ వాణ్ని కదా, ముందు షీట్ తెరిచా. పూల్ పొడవు, మెడల్స్, కోచ్ అనుభవం, ఫీజు, ఇంటి నుంచి దూరం. ఒక్కోదానికి ఇన్ని మార్కులని పెట్టుకున్నా. మెడల్స్‌కే ఎక్కువ వెయిటేజ్ ఇచ్చా. ఎందుకంటే ఇది బెంగళూరు. దేశంలో ఈతకి రాజధాని లాంటి ఊరు.

ఊరికే అనడం లేదు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మన దేశం నుంచి ఈతకి వెళ్లింది ఇద్దరే. శ్రీహరి నటరాజ్, ధినిధి దేసింగు. ఇద్దరూ బెంగళూరు వాళ్లే. ధినిధికి అప్పటికి 14 ఏళ్లు. సిడ్నీ 2000లో ఈదిన నిషా మిల్లెట్, ఏథెన్స్ 2004లో ఈదిన శిఖా టండన్‌ కూడా ఈ ఊళ్లోనే తయారయ్యారు. బసవనగుడి అక్వాటిక్ సెంటర్, డాల్ఫిన్ అక్వాటిక్స్ లాంటి పేర్లు దేశమంతా ఈత పిల్లల ఇళ్లలో వినిపిస్తాయి. ఈ రెండింట్లో కోచ్‌లుగా పనిచేసిన ప్రదీప్ కుమార్, నిహార్ అమీన్ ఇద్దరికీ ద్రోణాచార్య పురస్కారం వచ్చింది. ఊరికి ఉత్తరాన, ఎయిర్‌పోర్టుకి వెళ్లే వైపు, పదుకోన్-ద్రావిడ్ సెంటర్‌లో 50 మీటర్ల పూల్ ఉంది.

ఇంత చదివాక నాకు ఆవేశం వచ్చేసింది. చిన్ని మెడలో మెడల్ వేసి ఫొటో కూడా ఊహించేసుకున్నా. అదే వేడిలో మూడు వారాంతాలకి మూడు క్లబ్‌ల లిస్టు రాశా. ఆ మూడూ పైన చెప్పిన పెద్ద పేర్లు కావు. ఇంటికి వెళ్లిరాగల దూరంలో ఉన్నవి.

ఒకటో పూల్: అద్దాల బీరువా

మొదటి శనివారం. అక్క, చిన్ని, నేను. గేటు దాటగానే అద్దాల బీరువా, నిండా కప్పులు. పక్కన 50 మీటర్ల నీలం నీళ్లు. లేన్ తాళ్లన్నీ బిగించి ఉన్నాయి. రెండు చివర్లా, గోడకి 5 మీటర్ల దూరంలో నీళ్లపైన అడ్డంగా చిన్న జెండాల తోరణం. అది అలంకారం కాదని ఆ రోజే తెలిసింది. వెల్లకిలా ఈదేవాళ్లకి గోడ కనిపించదు కదా, జెండాలు కనపడగానే లెక్కపెట్టుకుని తల తగలకుండా తిరుగుతారు. బ్యాక్‌స్ట్రోక్ సీరియస్‌గా నేర్పే చోట అవి ఉండి తీరాలి.

గోడ మీద పెద్ద గడియారం, అందులో 60 సెకన్లు మాత్రమే. పేస్ క్లాక్ అంటారు. "పది యాభైలు, నిమిషానికొకటి" అని కోచ్ అరిస్తే, పిల్లలు ఆ ముల్లు చూసుకుని నిమిషానికోసారి గోడని తన్ని బయల్దేరతారు. 45 సెకన్లలో ఈదితే 15 సెకన్ల విశ్రాంతి. 55లో ఈదితే ఐదే. మొదటి లేన్‌లో పిల్లలు ఈదుతుంటే నీళ్లు చీల్చినట్టు లేదు, జిప్ తీసినట్టుంది. షీట్‌లో ఈ క్లబ్‌కి పదికి తొమ్మిది వేసేశా. అడ్మిషన్ ఫారం నింపి, డబ్బు కట్టడానికి ఫోన్ కూడా తీశా.

అప్పుడు చిన్ని నా చొక్కా లాగింది.

"మావయ్యా, ఆ చివర ఉన్నవాళ్లకి సార్ ఎవరు?"

చూశా. ఎనిమిదో లేన్. తొమ్మిది మంది పిల్లలు, చిన్ని ఈడు వాళ్లే. ఒకడు తాడు పట్టుకుని వేలాడుతున్నాడు. ఒక పాప కళ్లద్దాల్లోకి నీళ్లు పోయి గోడ దగ్గరే నిలబడిపోయింది. ఫోన్ జేబులో పెట్టి లెక్కపెట్టడం మొదలెట్టా. నలభై నిమిషాల్లో కోచ్ మొదటి లేన్ పిల్లలతో మాట్లాడింది ఇరవై మూడు సార్లు. ఎనిమిదో లేన్‌ వైపు వచ్చింది ఒక్కసారి. అది కూడా విజిల్ వేయడానికి.

నాకు ఆ లేన్ బాగా తెలుసు. నేను అందులో రెండేళ్లున్నా.

ఇంటర్ మా ఊళ్లోనే, ఒక పేరున్న రెసిడెన్షియల్ కాలేజీలో. వారం వారం టెస్టు, మార్కుల్ని బట్టి సెక్షన్. పై సెక్షన్‌కి అనుభవమున్న లెక్చరర్లు, ఏసీ గది. కింద సెక్షన్‌కి ఆ ఏడే డిగ్రీ అయిన కుర్రాడు. రిజల్ట్స్ వచ్చినప్పుడు పేపర్లో ఫొటోలు పై సెక్షన్ వాళ్లవి, వాటి వెనక ఫీజులు మా అందరివీ. ఎంసెట్‌లో నాకొచ్చిన ర్యాంకు ఇక్కడ రాయను గానీ, ఆ రెండేళ్లలో ఏ లెక్చరరూ నా పేరుతో పిలిచిన గుర్తు లేదు. పదేళ్లు దాటినా అప్పుడప్పుడు కలలో ఆ సెక్షన్ లిస్టు కనిపిస్తుంది, అందులో నా పేరు వెతుక్కుంటూ లేస్తా.

అలాంటి నేను, మళ్లీ బీరువా చూసి మార్కులు వేశా.

ఒక మాట న్యాయంగా చెప్పాలి. అది మోసం చేసే క్లబ్ కాదు. అప్పటికే వేగంగా ఈదే పిల్లలకి అక్కడ బాగానే ఉంటుంది. కానీ చిన్ని చేరేది మొదటి లేన్‌లో కాదు. మనం కట్టే ఫీజు ఏ లేన్‌కో, ఆ లేన్ చూడాలి కదా!

తిరిగొస్తూ బసవనగుడిలో విద్యార్థి భవన్‌కి వెళ్లాం. 1943 నుంచి ఉన్న హోటల్. మసాలా దోసె కోసం క్యూలో ముప్పావుగంట నిలబడ్డాం. చట్నీలో కారం లేదని అక్క గొణిగింది. చిన్ని రెండు దోసెలు తిని, చేతులు కడుక్కుంటూ తనే అంది. "ఆ కళ్లద్దాల పాపకి స్ట్రాప్ వెనక పైకి పెట్టుకోవాలని ఎవరూ చెప్పలేదు మావయ్యా."

రెండో పూల్: ఘాటు వాసన

రెండో వారం, సర్జాపూర్ రోడ్డు వైపు. గేటు మీద పెద్ద బ్యానర్, 'ఛాంపియన్లు ఇక్కడే తయారవుతారు'. లోపలికి అడుగుపెట్టగానే కళ్లు మండాయి. శుభ్రంగా ఉంచుతున్నారు కాబోలు, క్లోరిన్ బాగా వేశారు అనుకున్నా. తర్వాత చదివితే తెలిసింది ఉల్టా అని. క్లోరిన్ చెమటతో, మూత్రంతో కలిసినప్పుడు క్లోరమైన్లు తయారవుతాయి. ముక్కు అదిరే ఆ వాసన వాటిదే. బాగా చూసుకునే పూల్‌లో అంత ఘాటు ఉండదు.

గట్టు మీద అడుగులు వేసి కొలిచా. ఇరవై మీటర్లకి మించదు. పోటీలు జరిగేది 50 మీటర్ల పూల్‌లో, లేదా 25 మీటర్ల పూల్‌లో. ఇరవైలో తీసిన టైమింగ్‌ని దేనితోనూ పోల్చలేం. ఆ మాటకొస్తే 25కీ 50కీ కూడా తేడా ఉంది. వంద మీటర్లు ఈదాలంటే 25లో మూడుసార్లు గోడని తన్నుకోవచ్చు, 50లో ఒక్కసారే. అందుకే ఒకే పిల్లకి 25లో టైమ్ తక్కువ వస్తుంది. ఏ క్లబ్ అయినా "మా పాప టైమింగ్ ఇంత" అని చెబితే, ఏ పూల్‌లో అని అడగండి.

అక్కడి మేనేజర్ మాత్రం అవేమీ మాట్లాడలేదు. "ఏడాదిలో స్టేట్ మెడల్ గ్యారంటీ సార్. ఈ రోజే కడితే డిస్కౌంట్" అన్నాడు. పోటీలకి రాష్ట్ర సంఘంలో రిజిస్ట్రేషన్ ఉందా అంటే "చేయిస్తాం" అన్నాడు. అప్పటిదాకా మాట్లాడకుండా కూర్చున్న అక్క ఒక్క ప్రశ్న అడిగింది.

"ప్రాక్టీస్ టైమ్‌లో నేనిక్కడ కూర్చోవచ్చా?"

"పేరెంట్స్‌ని అలౌ చేయం మేడమ్. పిల్లలు డిస్టర్బ్ అవుతారు."

అక్క బ్యాగు భుజాన వేసుకుంది. అంతే. మా అక్క పదో తరగతి దాకా కబడ్డీ ఆడింది. ఎందుకు మానేసిందో నాకు అప్పట్లో చెప్పలేదు. ఆ రోజు ఆటోలో చెప్పింది. టోర్నమెంట్‌కి వేరే ఊరు తీసుకెళ్లినప్పుడు ఆడపిల్లలతో ఒక్క ఆడ టీచర్ కూడా లేదట. అంతకన్నా వివరంగా చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఇంటికొచ్చి షీట్‌లో కొత్త కాలమ్ పెట్టా. పిల్లలు బట్టలు మార్చుకునే గది వేరేగా ఉందా? ఆడ కోచ్ గానీ, మహిళా సిబ్బంది గానీ ఉన్నారా? తల్లిదండ్రులు కూర్చుని చూడొచ్చా? కోచ్ పిల్లకి విడిగా మెసేజ్‌లు పెడతాడా, పేరెంట్స్ ఉన్న గ్రూపులోనే పెడతాడా? బయట ఊరు పోటీలకి ఎవరు తీసుకెళ్తారు? 2012లో వచ్చిన పోక్సో చట్టం ప్రకారం, పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిస్తే ఫిర్యాదు చేయడం తప్పనిసరి. ఫిర్యాదు ఎవరికి చెప్పాలో క్లబ్‌కి తెలుసా? ఈ కాలమ్‌లో మార్కులుండవు. ఒక్కదానికి జవాబు తేడాగా ఉన్నా ఆ క్లబ్ లిస్టులోంచి పోయినట్టే.

మూడో పూల్: ఉసిరు

మూడోది జయనగర్ పక్కన, చెట్ల మధ్య పాత పూల్. 25 మీటర్లే. ఒక మూల టైల్స్ ఊడిపోయాయి. కప్పుల బీరువా లేదు. ఆఫీసు గదిలో ఒక షెల్ఫ్ మీద నాలుగు షీల్డులు, వాటి పక్కన స్విమ్ క్యాపులు ఆరేసి ఉన్నాయి. మెడల్స్ కాలమ్‌లో పదికి రెండు వేశా.

కానీ జెండాల తోరణం ఉంది. పేస్ క్లాక్ ఉంది. వాసన లేదు. ఈసారి నేరుగా చివరి లేన్ వైపు వెళ్లి కూర్చున్నాం.

చివరి లేన్ గట్టు మీద తెల్లటి క్యాప్ పెట్టుకున్న మేడమ్ ఉన్నారు. నలభై దాటి ఉంటాయి. హెడ్ కోచ్ ఆవిడేనట. మొదటి లేన్ పిల్లల్ని కుర్ర అసిస్టెంట్ చూసుకుంటున్నాడు. ఆవిడ పిల్లల వెంట గట్టు మీద నడుస్తూ "ఉసిరు! ఉసిరు!" అని అరుస్తున్నారు.

చిన్ని నా చెవిలో అడిగింది. "ఉసిరికాయలు ఎందుకు మావయ్యా?"

నాకు నవ్వాగలేదు. కన్నడంలో ఉసిరు అంటే ఊపిరి. ఫ్రీస్టైల్‌లో తల పక్కకి తిప్పి గాలి పీల్చుకోమంటున్నారు. మన ఉసురుకి చుట్టం లాంటి మాట. నీటిని వాళ్లు కూడా నీరు అనే అంటారు. ఈ రెండు మాటలు తెలిస్తే చాలు, ఈ ఊళ్లో మన పిల్ల ఈత నేర్చేసుకోవచ్చు.

బ్రేక్‌లో మేడమ్ మా దగ్గరికొచ్చారు. నాతో మాట్లాడలేదు, అక్కతోనూ మాట్లాడలేదు. చిన్ని ముందు గొంతుక్కూర్చుని ఇంగ్లిష్‌లో అడిగారు, నీకు ఏ స్ట్రోక్ ఇష్టం అని.

"బ్యాక్‌స్ట్రోక్" అంది చిన్ని.

"ఎందుకు?"

"మొహం మీద నీళ్లు పడవు. ఎవరు ముందున్నారో కూడా కనిపించదు."

మేడమ్ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఇవాళ దిగక్కర్లేదు. కాళ్లు మాత్రం నీళ్లలో పెట్టుకుని కూర్చో" అన్నారు. పావుగంట కూర్చుంది చిన్ని. ఆ తర్వాత అక్క వైపు తిరిగి, "అమ్మా, బ్యాగులో నా సూట్ ఉందా?" అంది. ఉంది. అక్క మూడు వారాలూ ఆ సూట్ బ్యాగులో మోస్తూనే ఉందని నాకు అప్పుడే తెలిసింది.

పిల్ల నీళ్లలో ఉండగా నేను నా ప్రశ్నలన్నీ అడిగా. వారానికి నాలుగు రోజులే, గంటన్నర. ఐదో రోజు వద్దు, ఇంకేదైనా ఆడించండి అన్నారు. నాకు ఆశ్చర్యమేసింది. తర్వాత వెతికితే అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం, ఏఏపీ, 2016లో ఇచ్చిన నివేదిక దొరికింది. ఎక్కువ ఆటల్లో ఒకే ఆటకి అంకితమైపోవడం 15, 16 ఏళ్ల దాకా ఆపితే మేలని, వారానికి కనీసం ఒకటి రెండు రోజులు విశ్రాంతి ఇవ్వాలని అందులో ఉంది. ఈతలో ముందు దెబ్బతినేది భుజాలే. ఒక్కో ప్రాక్టీస్‌లో చెయ్యి వందలసార్లు తిరుగుతుంది. పద్ధతి కుదరకుండా దూరం పెంచితే నొప్పి మొదలవుతుంది.

మెడల్ గురించి కూడా అడిగేశా.

"నేను చెప్పను" అన్నారు మేడమ్. "పదమూడేళ్లకి ఇంకా వేగం కావాలనిపిస్తే, 50 మీటర్ల పూల్ ఉన్న చోటికి నేనే పంపిస్తా. పంపించాను కూడా. అప్పటికి ఈత మీద ఇష్టం మిగిలుండాలి కదా."

అప్పుడు నాకు పారిస్ గుర్తొచ్చింది. శ్రీహరి, ధినిధి ఇద్దరూ అక్కడికి వెళ్లింది యూనివర్సాలిటీ కోటాలో. అంటే నేరుగా అర్హత టైమ్ అందుకున్నవాళ్లు లేని దేశాలకి ఇచ్చే అవకాశం. నేరుగా 'ఏ' అర్హత టైమ్ అందుకున్న మొదటి భారతీయుడు సజన్ ప్రకాశ్, అదీ 2021లో. ఆ మెట్టు ఎంత ఎత్తో దీన్నిబట్టే తెలుస్తుంది. పదేళ్ల పిల్లకి క్లబ్ వెతుకుతూ నేను మెడల్స్‌కి అన్ని మార్కులు పెట్టడం ఎంత పిచ్చితనమో కూడా. ఎక్కే పిల్లలు ఎక్కుతారు. మిగతా అందరికీ దక్కేది రోజూ పొద్దున్న ఆ నీళ్లతో గడిపే గంటన్నరే. అది బాగుండాలి.

షీట్ లెక్క ప్రకారం ఈ క్లబ్ మూడింట్లో రెండోది. చిన్ని లెక్క ప్రకారం మొదటిది. చిన్ని లెక్కే ఖాయం చేశాం.

ఇప్పుడు

మూడు నెలలైంది. చిన్ని ఇంకా చివరి లేన్‌లోనే ఉంది. యాభై మీటర్ల బ్యాక్‌స్ట్రోక్‌లో రెండు సెకన్లు తగ్గింది. అక్కకి మనసులో ఒక మూల భయం ఉంది, పెద్ద పూల్‌లో వేసుంటే ఇంకా తగ్గేదేమో అని. నాకూ లేదని చెప్పను. బావ అయితే ప్రతి ఆదివారం ఫోన్లో ఎవరో ఒకరి పిల్ల మెడల్ ఫొటో చూపిస్తాడు. మేం తీసుకున్న నిర్ణయం తప్పో ఒప్పో ఇంకో మూడేళ్లకి గానీ తేలదు.

మీరూ మీ ఇంట్లో పిల్లకో, అన్న కొడుక్కో క్లబ్ వెతుకుతుంటే ఒక్క పని చేయండి. ట్రయల్ రోజున మొదటి లేన్ వైపు చూడకండి. చివరి లేన్ పక్కన నలభై నిమిషాలు కూర్చోండి. అక్కడ కోచ్ ఎన్నిసార్లు ఆగాడో, పిల్లల్ని పేరుతో పిలిచాడో లేదో లెక్కపెట్టండి. తర్వాత ఫోన్ తీయండి.

మొన్న శనివారం రాత్రంతా వాన. నాకు ఆఫీసులో రిలీజ్ ఉండి రెండింటికి పడుకున్నా. ఐదింటికి ఫోన్ మోగింది. అక్క అనుకుని "ఇవాళ్టికి వదిలెయ్యవే, వానగా ఉంది" అన్నా.

అవతల చిన్ని.

"పూల్‌లో ఎలాగూ తడుస్తాం కదా మావయ్యా. లే!"